మూడు నిమిషాల స్టేజీ

ఈ దేశంలో ఇంటర్నెట్ కాల్ చవకయింది నా వల్ల.

ఈ మాట పొద్దున్నే పార్కు బెంచీ మీద కూర్చుని చెబితే ఎవరూ ఎదురు చెప్పరు. అప్పటి సంగతులు ఎవరికీ గుర్తు లేవు, అదే నా బలం. చెవుల్లో తెల్లటి ముక్కలు పెట్టుకుని చుట్టూ తిరిగే పిల్లలు రోజంతా నెట్‌లోనే ఉంటారు. దానికి నిమిషాల లెక్క ఒకటి ఉండేదని వాళ్లకు తెలియదు. ఎవరైనా దొరికితే ఆపి చెబుతాను. "బాబూ, అప్పట్ల నెట్ అంటే ఫోన్ కాల్. కాల్ అంటే మీటర్. ఆ మీటర్‌ను జర మెల్లగ తిప్పుండ్రి అని దిల్లీకి చెప్పింది ఈ ముసలోడే. ఇన్నరు."

పోయిన వారం మా బెంచీలోకి కొత్తగా ఒకాయన చేరాడు. గుంటూరు వైపు నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో స్థిరపడ్డ రిటైర్డ్ లెక్కల మాస్టారు. నేను చెప్పిందంతా విని, కళ్లద్దాలు తుడుచుకుని అడిగాడు.

"అయితే మీరు దిల్లీ వెళ్లారాండీ?"

"పోలే. ఉత్తరం రాసిన."

"జవాబొచ్చిందా?"

"రేటు తగ్గుడే జవాబు."

"బాగుందండీ. మొన్న నేను కూడా వాన పడితే బావుండునని మా ఆవిడతో అన్నాను. సాయంత్రానికి పడింది. అది నేను కురిపించినట్టేనా మరి?"

బెంచీ బెంచీ అంతా నవ్వింది. నేనూ నవ్వాను. కానీ ఇంటికొచ్చాక కూడా ఆ మాట పంటి కింద రాయిలా తగులుతూనే ఉంది. అందుకని జరిగింది జరిగినట్టు కాగితం మీద పెడదామని కూర్చున్నాను. నోటితో చెప్పినంత సుఖంగా లేదు ఈ పని. నోటితో అయితే అబద్ధం గాలికి పోతుంది. కాగితం మీద అది అక్కడే కూర్చుని నా వైపు చూస్తోంది.

నేను బస్ డిపోలో కంట్రోలర్‌గా రిటైరయ్యాను. నన్ను అడగకుండా హయత్‌నగర్ రోడ్డు మీద బస్సు చక్రం తిరిగేది కాదని చాలామందికి చెప్పాను. చక్రాలు నన్ను అడగకుండానే తిరిగేవి. ఎన్నింటికి తిరిగాయో నేను రాసుకునేవాణ్ని.

రిటైరైన ఏడాది ఊరికే కూర్చోలేక దిల్‌సుఖ్‌నగర్‌లో కంప్యూటర్ క్లాసులో చేరాను. అప్పట్లో అక్కడ ప్రతి మేడ మీదా ఒక కంప్యూటర్ కోచింగ్ బోర్డు, ప్రతి మేడ కిందా ఒక మిర్చి బజ్జీ బండి. మొదటి రోజు క్లాసులో నాకు కుర్చీ చూపించలేదు. ఎవరి నాన్నో ఫీజు కట్టడానికి వచ్చాడనుకుని ఆఫీసు గది చూపించారు. నెల తిరిగేసరికి క్లాసులో నేనే ఫస్టు అని ఇంట్లో చెప్పాను. క్లాసుకు అందరికంటే ముందు వచ్చేవాణ్ని, ఆ లెక్కన ఫస్టే. తర్వాత ఒక కంప్యూటర్ కొన్నాను. మా ఆవిడ దానికి చేతులతో కుట్టిన పూల గుడ్డ కప్పింది. దానికి ఆమె పెట్టిన పేరు "డబ్బ".

ఆ డబ్బకు నెట్ రావాలంటే ఇంట్లోని ఫోన్ తీగ దానికి తగిలించాలి. అది ఫోన్ చేస్తుంది, అవతల మరో యంత్రం ఎత్తుతుంది, రెండూ కాసేపు పిల్లుల్లా అరుచుకుని రాజీపడతాయి. అవి మాట్లాడుకున్నంతసేపూ ఇంట్లో మనిషి మాట్లాడడానికి లేదు. బయటి నుంచి ఎవరు చేసినా ఎంగేజ్.

ఇక్కడ మా గల్లీ సంగతి చెప్పాలి. కొత్తపేట వెనక మా గల్లీలో అప్పుడు ఫోన్ ఉన్న ఇళ్లు రెండే. ఒకటి మాది. కనుక మా నంబరు మాది కాదు, గల్లీది. పెళ్లి పత్రికల్లో, ఉద్యోగం దరఖాస్తుల్లో, స్కూల్ కార్డుల్లో మా నంబరు వేసి పక్కన "పి.పి." అని రాసుకునేవాళ్లు. పక్కింట్లో ఉంది, పిలిచి పెడతారు అని దానర్థం. దానికో పద్ధతి ఉండేది. చేసినవాళ్లు ఎవరు కావాలో చెప్పి పెట్టేస్తారు. ఐదు నిమిషాలకు మళ్లీ చేస్తారు. ఆ ఐదు నిమిషాల్లో మనిషిని తెచ్చి ఫోన్ ముందు నిలబెట్టడం మా ఆవిడ బాధ్యత. ఎదురింటికైతే గోడ మీది నుంచి కేక. మా పైన కిరాయికి ఉన్నవాళ్లకైతే మేడ మీదికి పోయే నీళ్ల పైపు మీద అప్పడాల కర్రతో రెండు దెబ్బలు. టంగ్, టంగ్. ఆ చప్పుడుకు మెట్ల మీద చెప్పుల మోత దిగొచ్చేది.

పైన ఉండేది నల్లగొండ దగ్గరి పల్లె నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. తండ్రి ఆటో నడిపి నడిపి నడుము పట్టేసి మంచాన ఉన్నాడు. తల్లి ఆయన్ను చూసుకునేది. ఒక్కతే కూతురు, నర్సు చదువు పూర్తి చేసింది. గల్లీ అంతా "సిస్టరమ్మ" అనేవాళ్లు. చంపాపేట్‌లో చిన్న దవాఖానలో సాయంత్రం డ్యూటీ చేసేది. జీతం ఒక నెల ఇస్తే ఒక నెల ఆగమనేవాళ్లు. ఇల్లు ఆ జీతం మీదే నడవాలి.

ఇంక నా ఘనకార్యానికి వస్తాను. టెలిఫోన్ రేట్లు ఎలా ఉండాలో చూడడానికి దిల్లీలో ఒక నియంత్రణ మండలి ఉందని పేపర్లో చదివేవాణ్ని. ఒకరోజు వాళ్ల ప్రకటన పడింది. ఇంటర్నెట్ కోసం చేసే ఫోన్లకు మామూలు ఫోన్లలాగే మీటరు తిరగాలా, వేరే నంబరు పెట్టి నెమ్మదిగా తిప్పాలా, ప్రజలు అభిప్రాయం చెప్పండి, ఉత్తరం ద్వారా గానీ ఈమెయిల్ ద్వారా గానీ పంపండి, చివరి తేదీ వచ్చే శుక్రవారం. ప్రజలు అని రాశారు గానీ, చదువుతుంటే నా ఒక్కడినే పేరు పెట్టి పిలిచినట్టనిపించింది.

ఎందుకంటే ఆ మీటరు గుట్టు నాకు తెలుసు. అది బస్సు స్టేజీ లాంటిది. స్టేజీ దాటితే టికెట్ ధర పెరుగుతుంది కదా. తెలివైనవాడు స్టేజీకి ఒక స్టాపు ముందే దిగి నడిచిపోతాడు. ఫోన్‌కు మూడు నిమిషాలు ఒక స్టేజీ. దాని మీద ఒక్క సెకను పడినా ఇంకో స్టేజీ కింద లెక్క. కనుక రెండు నిమిషాల యాభై సెకన్లకు దిగిపోవాలి. రిటైరైన రోజు డిపోలో ఇచ్చిన గోడ గడియారం డబ్బ పక్కన పెట్టుకున్నాను. యాభయ్యో సెకనుకు టక్కున లైను కట్. కాసేపాగి మళ్లీ కలుపు. ఆ రోజుల్లో నన్ను మించిన పొదుపరి హైదరాబాద్‌లో లేడని నా నమ్మకం.

మూడు నిమిషాల్లో ఒక నిమిషం పిల్లుల అరుపుకే పోయేది. మరో అర నిమిషం ఈమెయిల్ పేజీ తెరుచుకోవడానికి. మిగిలిన దాంట్లో నేను ఒంటి వేలితో ఉత్తరం కొట్టాలి. డిపో మెమో లాగా మొదలుపెట్టేవాణ్ని, విషయము, సూచిక, అయ్యా. "అయ్యా" దగ్గరికి వచ్చేసరికి యాభయ్యో సెకను. కట్ చేస్తే కొట్టిందంతా మాయం. మళ్లీ విషయము, సూచిక, అయ్యా.

"కార్డు రాసి పోస్టు డబ్బల ఎయ్యరాదయ్యా? చౌరస్తల ఉన్నది కద?" అనేది మా ఆవిడ.

"ఇంటర్నెట్ గురించి రాసే ఉత్తరం పోస్టులెట్ల పంపుత? నవ్వుతరు."

"ఇప్పుడు నవ్వుతలేరా?"

సరిగ్గా ఆ వారమే సిస్టరమ్మకు కబురు రావాల్సి ఉంది. మలక్‌పేట వైపు ఒక పెద్ద దవాఖానలో రాత పరీక్ష పాసైంది. సోమవారం నుంచి శుక్రవారం లోపు, పది నుంచి పన్నెండు మధ్య ఫోన్ చేసి ఇంటర్వ్యూకు పిలుస్తామన్నారట. ఫోన్ దొరక్కపోతే జాబితాలో తర్వాతి పేరుకు పోతారట. దరఖాస్తులో ఆమె రాసిన నంబరు మాదే, పక్కన పి.పి.

ఈ సంగతి నాకు ముందు తెలియదని చాలాకాలం చెప్పుకొచ్చాను. తెలుసు. ఆదివారం ప్రార్థన నుంచి వస్తూ కేక్ ముక్క తెచ్చి నా చేతిలో పెట్టి మరీ చెప్పింది. "అంకుల్, పది నుంచి పన్నెండు దాక జర లైన్ ఖాళీ ఉంచుండ్రి. ఒక్క వారమే." కేక్ తింటూ తల ఊపాను. తిన్నాక మరచిపోయానని కూడా అనలేను. నా లెక్క నాకుంది. ప్రతి స్టేజీకీ మధ్య ఇరవై సెకన్లు లైను ఖాళీగా ఉంటుంది కదా, రావాల్సిన ఫోన్ ఆ సందులో దూరి రాకపోతుందా అనుకున్నాను. బస్టాపులో బస్సు అంతకంటే ఎక్కువసేపు ఆగుతుందా? అయినా జనం ఎక్కడం లేదూ?

సోమవారం ఆమె పదింటికల్లా తల దువ్వుకుని మెట్ల మీద కూర్చుంది, పైపు మోగితే వెంటనే దిగేలాగా. పన్నెండు దాటాక లేచి పోయింది. మంగళవారమూ అంతే. బుధవారం మెట్ల మీద కనబడలేదు. పదకొండున్నరకు సరాసరి మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ముఖం ఎండకు కందిపోయి ఉంది.

"అంకుల్, చౌరస్తల ఎస్టీడీ బూత్‌కెళ్లి మన నంబర్‌కు చేసిన. ఆరు సార్లు కొట్టిన. ఆరు సార్లు ఎంగేజ్."

"మజ్జెల మజ్జెల ఖాళీ ఉంటది బిడ్డా. ఇరవై సెకన్లు."

"గా ఇరవై సెకన్లు వాళ్లకెట్ల తెలుస్తది? ఆడ కూసోని మీ గడియారం జూస్తరా?"

మా ఆవిడ వంటింట్లోంచి అప్పడాల కర్రతోనే వచ్చింది. ఆ కర్ర పైపు కోసం తెచ్చిందో, నా కోసం తెచ్చిందో తేలలేదు. "పొల్ల నౌకరి పోయిందనుకో, నీ డబ్బ ఈ ఇంట్ల ఉండది. చెప్తున్న."

నేను నా స్టేజీ సిద్ధాంతం వివరించాను. సిస్టరమ్మ ఓపికగా విన్నది. రోగులు చెప్పేవన్నీ వినే అలవాటు అప్పటికే వచ్చి ఉంటుంది. విని, ఒకే ఒక్క ప్రశ్న వేసింది.

"అంకుల్, బస్సు దిగి మళ్ల ఎక్కితే పాత టికెట్ నడుస్తదా?"

ముప్పై ఏళ్లు టికెట్ల మధ్య బతికినవాణ్ని. దిగి ఎక్కినవాడు మళ్లీ మొదటి స్టేజీ నుంచి కొనాల్సిందేనని కొత్తగా వచ్చిన కండక్టర్లకు నేనే చెప్పేవాణ్ని. ఆదా చేస్తున్నానని అనుకుంటూ రోజుకు ఎన్ని కొత్త టికెట్లు కొన్నానో!

"ఇంకోటి," అంది వెళ్లబోతూ. "ఉత్తరం ముందుగాలనే కొట్టి పెట్టుకోండ్రి. తర్వాత లైన్ కలిపి పంపుండ్రి. నిమిషంల అయిపోతది."

అది కంప్యూటర్ క్లాసులో రెండో వారమే చెప్పారు. అంటే మా క్లాసులో చెప్పారు. నేను ఆ రోజు కూడా అందరికంటే ముందే వచ్చాను గానీ, మధ్యలో బజ్జీలకు దిగాను. ఈ మాట ఆమెకు చెప్పలేదు. "నాకు తెల్వదా ఏంది" అన్నాను.

గురువారం నేను లైను ముట్టలేదు. పౌరుషం కొద్దీ ముట్టలేదు. ఆమె పది నుంచి పన్నెండు దాకా మా ఇంట్లోనే, ఫోన్ పక్కన పీట మీద కూర్చుంది. మా ఆవిడ చిక్కుడుకాయలు ముందు పోస్తే ఈనెలు తీసింది. ఫోన్ రెండుసార్లు మోగింది. ఒకటి ఎదురింటివాళ్ల చుట్టాలది, ఒకటి రాంగ్ నంబరు. రెండుసార్లూ ఆమె చేతిలోని చిక్కుడుకాయలు కింద పడ్డాయి. పన్నెండు కొట్టాక, "మూడు రోజులల్ల చేసి పోయిన్రేమో ఆంటీ" అంది. ఆ మాట నావైపు చూసి అనలేదు. చూసి అన్నా బాగుండేది.

శుక్రవారం. ఆమెకూ చివరి రోజు, నా ఉత్తరానికీ చివరి రోజు. ఎండ మంచి కాక మీద ఉంది. నిన్నటి చిక్కుడుకాయల బాధ నాలో ఉంది, కాదనను. కానీ ఉత్తరం బాధ కూడా ఉంది. తొమ్మిదింటికి మొదలుపెట్టి, పదికల్లా ముగించేద్దామనుకున్నాను. ముందే కొట్టి పెట్టుకోవడం ఎట్లాగో ఎవరినైనా అడగాలంటే నామోషీ, అందుకని లైను కలిపే కొట్టాను. ఈసారి స్టేజీలు లేవు, గడియారం లేదు, ఎక్కినవాణ్ని దిగకుండా కూర్చున్నాను. ఉత్తరం సాగింది. సామాన్యుడికి ఇంటర్నెట్ స్టేజీ పొడుగు పెంచాలి, దూరపు బస్సుకు సిటీ బస్సు చార్జీ వసూలు చేయరాదు అని గొప్పగా వచ్చింది. గొప్పగా వస్తున్నదాన్ని మధ్యలో ఎవరు ఆపుతారు? తల ఎత్తి చూసేసరికి పదకొండు దాటింది.

మెట్ల మీద సిస్టరమ్మ. కిటికీలోంచి కనబడుతోంది. నన్ను అడగడం మానేసింది. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని నేల చూస్తూ కూర్చుంది. పైన తండ్రి దగ్గు వినబడుతోంది. నా ముందు ఉత్తరం, ఇంకా రెండు వాక్యాలు కొడితే పూర్తి. పంపు అనే బొత్తం మీద బాణం గుర్తు సిద్ధంగా ఉంది.

ఇప్పుడు చెప్పబోయేదాంట్లో గింజంత కలపలేదు.

ఆ రెండు వాక్యాలు వద్దనుకున్నాను. దేశం ఒకవైపు, మా మేడ మీది బిడ్డ ఒకవైపు. వంగి, గోడ దగ్గర డబ్బకు తగిలించిన ఫోన్ తీగను నా చేత్తో పీకేశాను. ఆ క్షణాన ఇల్లంతా నిశ్శబ్దం. నెత్తి మీది ఫ్యాను కూడా ఊపిరి బిగబట్టి ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో, పట్టుమని పది నిమిషాలు కాలేదు, ఫోన్ మోగింది.

మా ఆవిడ ఎత్తింది. "ఆ, ఉన్నది, ఉన్నది, ఈడనే ఉన్నది, పెట్టకుండ్రి!" అని అరిచి, పి.పి. పద్ధతి పక్కన పెట్టి, రిసీవరు బల్ల మీద పడేసి, పైపు దగ్గరికి పరుగెత్తింది. మెట్ల మీద కళ్ల ముందే కూర్చున్న మనిషి కోసం పైపు మీద టంగ్ టంగ్ అని కొట్టింది. రెండు దెబ్బలు కాదు, ఇరవై కొట్టింది. సిస్టరమ్మ రెండు చెప్పులూ మెట్ల మీదే వదిలేసి వచ్చింది. సోమవారం నుంచి మూడుసార్లు చేశామని, దొరకలేదని, ఇదే ఆఖరుసారి చేయడం అని అవతలి నుంచి ఎవరో ఆమెను కోప్పడుతున్నారు. "సారీ మేడం, సారీ మేడం" అంటూ ఈమె నవ్వుతూనే ఉంది. ఇంటర్వ్యూ సోమవారం అయింది. వచ్చే నెల ఒకటో తారీఖున డ్యూటీలో చేరింది. మొదటి జీతంతో తండ్రికి నడుము బెల్టు, మా ఆవిడకు చీర, నాకు ఒక బాల్ పెన్ను తెచ్చింది. "ఇంక మీరు పోస్టులనే పంపుండ్రి" అంది.

ఉత్తరం పోలేదు. అది ఆ రెండు వాక్యాల దగ్గరే పోయింది. మళ్లీ కొట్టలేదు, బాల్ పెన్నుతో కూడా రాయలేదు. తర్వాత కొన్నాళ్లకు దిల్లీవాళ్లు నిజంగానే ఇంటర్నెట్‌కు వేరే నంబరు పెట్టారు, దాని మీద మీటరు నెమ్మదించింది. నా మనసులోది ఎట్లా కనిపెట్టారో అని గల్లీలో చెప్పాను. మరుసటి ఏడాదికి, నేను రాశాను కాబట్టే అన్నాను. ఆ తర్వాత దిల్లీ నుంచి ఫోన్ కూడా వచ్చిందన్నాను, ఒకరిద్దరితోనే. స్టేజీ పొడుగయ్యాక నేను చేసిందల్లా ఇంకా ఎక్కువసేపు కూర్చోవడం. మా నంబరు మీద ఆధారపడ్డవాళ్లు ఒక్కొక్కరే విసిగి, సొంతంగా ఫోన్లు పెట్టించుకున్నారు. ఆ లెక్కన గల్లీకి ఫోన్లు వచ్చింది మాత్రం కొంత నా వల్లే.

కాబట్టి మాస్టారూ, మీరే గెలిచారు. దేశానికి నేను చేసిందేమీ లేదు. కానీ ఆ శుక్రవారం తీగ పీకిన చెయ్యి ఇదే. ఒక ఇంటికి అన్నం పెట్టిన చెయ్యి. దాన్ని మాత్రం ఎవరూ కాదనలేరు.

ఇంతవరకూ రాసి నిన్న బల్ల మీద పెట్టాను. సిస్టరమ్మ ఇప్పుడు చంపాపేట్‌లో సొంత ఇంట్లో ఉంటుంది. దవాఖానలో అందరూ ఆమెను చూసి లేచి నిలబడే హోదా. అయినా ఆదివారం ప్రార్థన అయ్యాక వచ్చి మా ఇద్దరికీ బీపీ చూసి పోతుంది. నిన్న పట్టీ నా చేతికి చుట్టి, గాలి కొడుతూ, రెండో చేత్తో ఈ కాగితాలు తిరగేసింది. మా ఆవిడ పక్కన నిలబడి వింటోంది. కేక్ దగ్గర నవ్వింది, బస్సు టికెట్ దగ్గర నవ్వింది. ఆఖరి కాగితానికి వచ్చేసరికి గాలి కొట్టడం ఆపింది.

"అంకుల్, వైర్ మీరు పీకిన్రా?"

"మరి?"

ఆమె మా ఆవిడ వైపు చూసింది. మా ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి తప్పుకుంది.

"నేను కిటికీల కెల్లి జూస్తనే ఉన్న. మీరు లేస్తిరి, 'అయ్యో నా ఉత్తరం' అని డబ్బను రెండు సార్లు చరిస్తిరి. గంటకు మళ్ల కలిపిన్రు గూడ." కాగితాన్ని నా ఒళ్లో పెట్టి, పట్టీ విప్పింది. "ఫ్యాను ఊపిరి బిగబట్టుడు ఏంది అంకుల్? కరెంట్ పోయింది."